ఉజ్జాయింపు సొగసు

ఉజ్జాయింపు అంటే మనకు చులకన. కాకిలెక్క అని తీసిపారేస్తాం. ఆ చులకన పోవాలంటే ఒకసారి ఖరగ్‌పూర్‌లో రైలు దిగాలి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) రోజుల్లో మనవాళ్లు పొట్ట చేతబట్టుకుని వెళ్లి పాతుకుపోయిన రైల్వే ఊరు అది. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. అలాంటి పొడవాటి అంచు ఉన్న ఒక గదిని ఊహించండి. ఆ అంచు వెంట నడిచే కాపలావాడికి గదిలోని ప్రతి మూలా ఎక్కడో ఒకచోట కంటబడుతుంది. నడవొద్దు, మూలల్లో కదలకుండా నిలబడి గదంతా చూడాలి అంటే ఎంతమంది కావాలి?

గోడలు ఎన్ని వంకర్లు పోయినా, మూలల సంఖ్యలో మూడో వంతు మంది చాలని 1975లో గణితవేత్త ఖ్వాతల్ నిరూపించాడు. 1978లో ఫిస్క్ దాన్నే రంగులతో తేల్చేశాడు. గదిని త్రిభుజాలుగా కోసి, ప్రతి త్రిభుజానికీ మూడు రంగులూ దక్కేలా మూలలకు రంగులేస్తే, తక్కువసార్లు వాడిన రంగే కాపలా చోటు. 12 మూలలకు నలుగురు చాలు. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, వంక పెట్టలేం.

చాలినంతమంది సరే, ఈ గదికి అతి తక్కువ ఎందరు? అక్కడ లెక్క మొండికేస్తుంది. టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) శాస్త్రవేత్త సుబీర్ కుమార్ ఘోష్ 1987లో ఆ మొండిదాన్ని మచ్చిక చేశాడు. చూపు గీతలతో గదిని ముక్కలు చేసి, ఇంకా ఎవరి కంటా పడని ముక్కలు ఎక్కువ కనిపించే మూలను పట్టుకుంటూ పోవడమే ఉపాయం. అవసరమైనవాళ్లకు ఎన్ని రెట్ల మందిని పెడతామో చెప్పే గుణకం మూలల సంఖ్యకు లాగరిథమ్‌లా మెల్లగా పెరుగుతుంది. మధ్యలో స్తంభాల్లాంటి అడ్డాలు లేని గదికి ఆ గుణకం అసలు పెరగకూడదని ఆయన ఊహ. ఆ ఉపాయం పత్రికలో పూర్తి వ్యాసంగా వచ్చింది 2010లో. ఈ తీరుబడే నాకు ముచ్చట.

2017లో ఘోష్, బోధయన్ రాయ్, ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన ప్రీతమ్ భట్టాచార్య కలిసి మన ప్లాట్‌ఫారం లాంటి అంచున్న గదికి ఆ ఊహను నిజం చేశారు. వాళ్ల గుణకం 6. ఐదుగురు చాలేచోట 30 మందికి మించరు. ఆరు రెట్లా అని నవ్వకండి. గదికి పది మూలలున్నా, లక్ష ఉన్నా ఆ ఆరు ఆరే. నడుమ అడ్డాలు వస్తే మాత్రం ఇలాంటి హామీ ఇవ్వడం దాదాపు అసాధ్యమని కూడా ఆ వ్యాసమే చూపింది. చేయగలిగిందీ చేయలేనిదీ ఒకే చోట, ఒకే గొంతుతో. మన ఆలంకారికులు చెప్పిన ఔచిత్యం నాకు ఇందులో కనిపిస్తుంది.

కాకిలెక్కకు తన తప్పెంతో తెలియదు. తన తప్పు ఎంతదాకా పోగలదో ముందే రాసిచ్చే ఈ లెక్కను నేను మంచి పద్యం పక్కనే పెడతాను.