విమానాంగములకు తెలుగు పేర్లు

క్రొత్త వస్తువు దేశమునకు వచ్చినప్పుడు దానికి పేరు పెట్టుట పండితుల పని యని మనలో ననేకులు నమ్మియున్నారు. ఈ నమ్మకమెంత యుక్తమో విమానమునకును దాని యంగములకును సంబంధించిన మాటలను పట్టి విచారింపదలచితిమి.

'విమానము' ప్రాచీనమైన మాట. అమరసింహుడు దానిని వ్యోమయానమునకు పర్యాయముగా చెప్పెను. కుబేరుని పుష్పకము విమానము. గుడిలో గర్భాలయముపై లేచిన కట్టడమును విమానమే. 1213వ సంవత్సరమున వెలసిన పాలంపేట రామప్పగుడి విమానమును నీటిపై తేలునంతటి తేలిక యిటుకలతో కట్టిరి. ఎత్తున నిలువవలసినది తేలికగా నుండవలెనను ఎరుక ఆ శిల్పులకుండెను.

అయితే ఈ మాటను జూపి, మన పూర్వులు యంత్రములపై ఆకాశమున తిరిగిరని పిల్లలకు బోధించుట న్యాయము కాదు. వైమానికశాస్త్రమను పేర బరగు గ్రంథమును బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారు 1974లో పరీక్షించి, అది 20వ శతాబ్ది తొలిపాదమున పుట్టినదనియు, అందు వర్ణించిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. మాట పాతదైనంత మాత్రమున యంత్రము పాతది కాదు. 1903 డిసెంబరు 17న రైటు సోదరుల యంత్రము మొదటిసారి 12 సెకండ్లు ఎగిరినది. మనము పాతమాటను ఆ క్రొత్తవస్తువునకు అరువిచ్చితిమి, అంతియే. అది చక్కని యరువు, విడువ నక్కరలేదు.

మా కాటారపు పల్లెలలో వృద్ధులు దీనినే 'గాలిమోటరు' అందురు. చదువుకొన్నవారు విని నవ్వుదురు. నవ్వనేల? గాలిలో పోవు మోటరు గాలిమోటరు. ఆ మాట చేసినవానికి వ్యాకరణము రాకపోవచ్చును. వస్తువు మాత్రము తెలిసినది.

చిక్కు అంగముల కడ వచ్చుచున్నది. ఇచ్చట మనకు రెండే దారులు కానవచ్చుచున్నవి. ఇంగ్లీషు మాటను ఉన్నదున్నట్లు వల్లించుట యొకటి. దానిని సంస్కృతమున కరిగించి 'వాయుయానకాయము', 'పక్షాంతఫలకము' వంటి సమాసములు పోతపోయుట రెండవది. మేము సంస్కృతము చదివినవారమే. ఆ భాషయందు మాకు భక్తి తక్కువ లేదు. కాని అర్థము తెలియని మాటకు అర్థము తెలియని మాటను బదులిచ్చిన విద్యార్థికి ఒరిగినదేమి?

ఇంగ్లీషువారి మాటలనిపించుకొను వీని పుట్టుక చూడుడు. విమానపు మొండెమును 'ఫ్యూజిలేజ్' అందురు. ఇది ఫ్రెంచిమాట, కదురు అను నర్థముగల పదమునుండి వచ్చినది. నడుమ లావై కొనలు సన్నగిల్లుటచే ఆ పేరు. 'ఏలెరాన్' అనగా చిన్నరెక్క. తోకభాగమునకు చెల్లు 'ఎంపెనేజ్' అను మాట అమ్మునకు ఈకలు కట్టు పనినుండి పుట్టినది. ఈకలు అమ్మును తిన్నగా నడుపునట్లు తోక విమానమును నిలుకడగా నడుపును. ఇంజనును పొదిగిన 'నాసెల్' చిన్న పడవ, 'హ్యాంగరు' కొట్టము, 'కాక్‌పిట్' కోళ్లపందెపు గుంట. మనము నోరు తిరుగక భయపడు మాటలన్నియు నొకప్పుడు రాట్నము ముందును, పడవరేవునందును, కొట్టములోను పుట్టినవే. వారు ఇంటి మాటను ఆకాశమున కెక్కించిరి; మనము ఇంటి మాటకు సిగ్గుపడుచున్నాము.

మనకు మాటలు లేవా? రెక్క, తోక, ముక్కు ఉండనే యున్నవి. రెక్కలో పొడుగునా సాగి, పైకి వంచు బలమును ఓర్చుకొనునది దూలము. దానికి అడ్డముగా నిలిచి రెక్క ఆకారమును కాపాడునవి ప్రక్కటెముకలు. వీనిపై కప్పినది తొడుగు. రెక్కకొనల వెనుక, ఒకటి పైకి లేవగా రెండవది క్రిందికి వంగి విమానమును ప్రక్కకు ఒరిగించునవి చిన్నరెక్కలు. తోకపై నిలిచి ముక్కును ఎడమకు, కుడికి త్రిప్పునది చుక్కాని. మాకు చేరువనున్న కాళేశ్వరమున గోదావరిపై పడవ నడుపువారు ఈ మాట నెరుగుదురు. ఇంగ్లీషువారును తమ మాటను ఓడనుండియే తెచ్చుకొనిరి.

ఇది వట్టి మాటల వేడుక గాదు. హైదరాబాదు చెంత ఆదిభట్లలో సి-130జె రవాణా విమానములకు తోకభాగములు తయారైనవి. అచ్చటనే 2018లో తెరచిన కార్ఖానాలో అపాచీ హెలికాప్టరులకు మొండెములు తయారైనవి. తెలుగునేలపై చేసిన వస్తువులకు తెలుగుపేరు చెప్పుకొనలేకుండుట మనకు గౌరవము కాదు. పల్లెబడిలో చదివినవాడు అట్టి పనికి పోయినప్పుడు, చేతిలోని వస్తువు దేనికో తెలియక పేరు మాత్రము వల్లించిన, వాని నైపుణ్యము సగమే యగును.

ఇంజను, పెట్రోలు, రేడియో వంటివి మనవైపోయినవి, వానిని తరుమరాదు. కార్ఖానాలో పనికి ఇంగ్లీషు పేరును నేర్వవలసినదే. కాని తొలుత తెలుగున వస్తుజ్ఞానము, పిమ్మట పరభాషలోని పేరు. ఇది సహజమైన క్రమము.

దూలము, చుక్కాని శాస్త్రమునకు తగని గ్రామ్యములని కొందరు ఆక్షేపింపవచ్చును. మాట గౌరవము దాని కులమున లేదు, పనియందున్నది. పాఠములు వ్రాయువారిని మేము కోరునది యొక్కటే: ఏ మాటనైనను అచ్చునకు పంపుటకు ముందు పదేండ్ల పిల్లనికి వినిపింపుడు. ఆ యంగము చేయు పని వానికి ఆ మాటవలన కొంతయైనను స్ఫురించిన మాట నిలుచును. స్ఫురింపనిచో మరియొకటి వెదకుడు.