రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు

హైదరాబాద్ తార్నాకలో బత్తాయి రసం బండి పక్కన సాయంత్రానికి తొక్కలు గుట్టపడతాయి. రసం మన గొంతులోకి, తొక్క చెత్తబండిలోకి. పండు తనను తాను కాపాడుకోవడానికి తయారుచేసుకునే సరుకు మాత్రం తొక్కలోనే దండిగా ఉంటుంది. ఎండ, పురుగు, బూజు మొదట తాకేది దాన్నే కదా! ఆ సరుకులో ముఖ్యమైనవి పాలీఫినాల్స్. పేరు కొత్తగా వినిపించినా వాటిలో చాలావాటి రుచి మన నాలుకకు పాతదే. అదే వగరు. మామిడి జీడి కొరికినా, దానిమ్మ తొక్క నమిలినా నోరు పట్టేసినట్టవుతుంది. టానిన్లు అనే పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్లే అలా జరుగుతుంది. దానిమ్మ తొక్కలో ప్యూనికలాజిన్, మామిడి తొక్కలో మాంజిఫెరిన్, బత్తాయి తొక్కలో హెస్పెరిడిన్ ఉంటాయి.

గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలను ఇలాంటివి అడ్డుకున్నాయని చెప్పే పరిశోధనలు కోకొల్లలు. కానీ పళ్లెంలో మందు నేరుగా కణం మీదే పడుతుంది. మనిషిలో అయితే పేగునూ కాలేయాన్నీ దాటి రావాలి. ప్యూనికలాజిన్ పెద్ద అణువు, ఉన్నదున్నట్టుగా రక్తంలోకి ఎక్కదు. పేగులోని బ్యాక్టీరియా దాని ముక్కల్ని యూరోలిథిన్లుగా మార్చాలి. ఆ బ్యాక్టీరియా అందరి పొట్టలోనూ ఒకేలా ఉండవు. పళ్లెం నుంచి మనిషి దాకా సాగే ఈ దారిలోనే పరిశోధకుల పనితనం బయటపడుతుంది. ఆ దారిలో ముచ్చటైన ఒక అడుగు తార్నాకలోనే పడింది. అది పండుతొక్కతో వేసింది కాదు, పసుపుతో వేసింది. పసుపులోని కర్కుమిన్ కూడా పాలీఫినాలే.

ఉస్మానియా క్యాంపస్‌కు పొరుగునే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద విచారణతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆ సంస్థకు చెందిన కల్పగం పొలస, కమలా కృష్ణస్వామి, వారి సహచరులు 1992లో 'మ్యూటాజెనెసిస్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. అది మూడు పేజీలదే. ఏళ్లుగా పొగతాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు చొప్పున 30 రోజులు ఇచ్చారు. వంటింట్లో అయితే అది సుమారు అర చెంచా. ఆ తర్వాత వాళ్ల మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు గణనీయంగా తగ్గాయి.

వాటిని కొలిచే పద్ధతిని చూడండి. అమెరికాలో బ్రూస్ ఏమ్స్ 1970లలో రూపొందించిన పరీక్ష అది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా బ్యాక్టీరియాను, ఆ ఆమ్లం దాదాపు లేని పళ్లెం మీద పరుస్తారు. అక్కడ అవి పెరగలేవు. జన్యువును మార్చగల పదార్థం ఏదైనా కలిస్తే, కొన్నిటి జన్యువు మళ్లీ పనిచేసే స్థితికి తిరుగుతుంది. అలా తిరిగిన ఒక్కొక్కటీ పెరిగి చుక్కవుతుంది. కంటికి కనిపించని నష్టాన్ని ఇక చుక్కలుగా లెక్కపెట్టవచ్చు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టే పరీక్షలు జీవశాస్త్రంలో అరుదు.

నాకు మరీ నచ్చింది ఆ పసుపు పరిశోధకుల జాగ్రత్త. పొగతాగని ఆరుగురిని పోలిక కోసం పక్కన పెట్టుకున్నారు. వాళ్లలో మార్పేమీ లేదు. కాలేయ ఎంజైములు, రక్తంలో చక్కెర, క్రియాటినిన్, కొవ్వులు కూడా కొలిచి, పసుపు వాటిని చెప్పుకోదగ్గంతగా మార్చలేదని నమోదు చేశారు. మేలు ఉందా అని అడిగిన చోటే హాని ఉందా అని కూడా అడిగారు. చివరికి క్యాన్సర్ నివారణలో ఉపయోగపడవచ్చని మాత్రమే అన్నారు, నయం చేస్తుందని అనలేదు. పదహారు మంది తక్కువే. పసుపు తీసుకోని పొగరాయుళ్ల జట్టు కూడా ఉండి ఉంటే పోలిక ఇంకా గట్టిగా నిలిచేది.

అలాంటి జట్టు ఎంత అవసరమో దానిమ్మ కథ చెబుతుంది. 2006లో అమెరికాలో ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్స పొందినవారికి దానిమ్మ రసం ఇచ్చారు. రక్తంలో పీఎస్‌ఏ (ఆ క్యాన్సర్ పెరుగుదలను సూచించే ప్రొటీన్) రెట్టింపు కావడానికి పట్టే సగటు కాలం 15 నెలల నుంచి 54 నెలలకు పెరిగింది. ఆ పరిశోధనలో ఉత్తుత్తి మందు తీసుకున్న జట్టు లేదు. 2015లో ఆ జట్టునూ పెట్టి చూస్తే, మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంతమాత్రాన తొక్కల మీద పరిశోధన ఆపాలని కాదు. తార్నాకలోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో బోయిన్‌పల్లి మార్కెట్ కూరగాయల చెత్త బయోగ్యాస్‌గా మారి కరెంటు ఇచ్చింది. చెత్తను విలువగా మార్చే చేయి ఈ ఊరికి ఉంది. తొక్కల మీద పని చేస్తున్న విద్యార్థులు పసుపు మీది ఆ మూడు పేజీల వ్యాసాన్ని ఒకసారి చదవాలని నా కోరిక. ఇక క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, వారి ఇంటివారికి ఒక మనవి. గాఢమైన సారాలు, గుళికలు కొన్ని మందుల పనిని మార్చగలవు. అలాంటివేవైనా మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకు చెప్పండి.