ధిక్కారానికి వేలంపాట

ఏ కళారూపాన్నయినా అది పుట్టిన పరిస్థితుల నుంచి విడదీసి చూడకూడదు. హార్డ్‌కోర్ పంక్ గ్రామఫోన్ రికార్డులు సేకరించే అభిరుచికీ ఈ సూత్రం వర్తిస్తుంది.

1980లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బృందం విడిపోయింది. కచేరీల్లో కూడబెట్టిన డబ్బును వాళ్లు పంచుకోలేదు. దానితో ఎనిమిది పాటల చిన్న రికార్డు వేశారు. డిస్కార్డ్ సంస్థ పుట్టింది అందుకోసమే. వేసినవి 1000 ప్రతులు. అట్టలు కత్తిరించి, మడిచి, అంటించింది వాళ్లూ వాళ్ల మిత్రులే. ముఖచిత్రంలో ఇంటూ గుర్తు వేసిన చేతులుంటాయి. మద్యం తాగే వయసు రాలేదని క్లబ్బుల వాళ్లు వేసే గుర్తది. తమను వేరుచేసిన ముద్రనే వాళ్లు జెండా చేసుకున్నారు.

పెద్ద కంపెనీల వైఖరి వేరు. 1981లో బ్లాక్ ఫ్లాగ్ బృందం ‘డామేజ్డ్’ రికార్డును పంపిణీ చేయడానికి ఎంసీఏ నిరాకరించింది. అది తల్లిదండ్రులకు వ్యతిరేకమట!

కనుక ఆనాడు ప్రతులు తక్కువ కావడానికి కారణం లేమి. ఈనాడు ఆ లేమే వెలను నిర్ణయిస్తున్నది. తొలి ముద్రణ ప్రతి వందల డాలర్లు పలుకుతున్నది. గీత పడుతుందన్న భయంతో కొన్నవాడు దాన్ని వినడు, ప్లాస్టిక్ తొడుగులో దాస్తాడు. వినిమయ విలువ ఉపయోగ విలువను మింగేసింది. 1981లోనే డెడ్ కెనెడీస్ బృందం ఒక క్యాసెట్‌లో రెండో వైపు ఖాళీగా వదిలి, పాటలు కాపీ చేసుకొమ్మని శ్రోతలను ప్రోత్సహించింది. అలాంటి సంగీతానికి ఈ గతి పట్టడం విషాదం.

అయితే సేకర్తలందరినీ ఒకే గాటన కట్టడం యాంత్రిక విమర్శ అవుతుంది. ఒక్క రికార్డుతో ఆగిపోయిన బృందాల గొంతు ఇంకా వినబడుతున్నదంటే, ఎవరో దాచినందువల్లనే. సమస్య దాచడంలో లేదు, ఎవరి కోసం దాస్తున్నామన్నదే సమస్య.

దీనికి జవాబు డిస్కార్డ్ ఆచరణలోనే ఉంది. 1984లో అది తన తొలి చిన్న రికార్డులు నాలుగింటిని ఒకే పెద్ద రికార్డుగా తెచ్చింది. అరుదైనది అట్ట మాత్రమే, పాట కాదని తేల్చింది.

ఈ వ్యాసకర్త బీరువాలోనూ ఏళ్ల తరబడి ఎవరికీ ఇవ్వని పాత పత్రికలున్నాయి. కనుక ఈ విమర్శ అమెరికా సేకర్తల మీద మాత్రమే కాదు. పదిమందికీ వినిపించని ధిక్కారం ధిక్కారం కాదు, ఆస్తి.