సాహస క్రీడల్లో ప్రాయోజకత్వం: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రకటనకూ ప్రాయోజకత్వానికీ మధ్య భేదం స్పష్టంగా తెలిస్తేనే ఈ పాఠ్యభాగం అర్థమవుతుంది. శీతల పానీయం ప్రకటనలో హీరో కొండ అంచు నుంచి దూకడం మీరు చూసే ఉంటారు. అడుగున చిన్న అక్షరాలలో ఒక హెచ్చరిక కూడా కనిపిస్తుంది. ఆ దూకడం నటన. ప్రాయోజకత్వంలో, అంటే వాడుక భాషలో స్పాన్సర్‌షిప్‌లో, దూకేవాడు నిజంగానే దూకుతాడు. కంపెనీ అతనికి డబ్బు ఇచ్చి, అతనికి వచ్చే పేరులో వాటా తీసుకుంటుంది. సాహస క్రీడల్లో ఆ పేరుకు మూలం ప్రమాదమే. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న ఇది: పేరులో వాటా తీసుకున్న కంపెనీకి ప్రమాదంలో వాటా ఉందా?

1. ఒకే సాహసం, రెండు పద్ధతులు

2012 అక్టోబరు 14న ఆస్ట్రియా దేశస్థుడు ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అమెరికాలోని రాస్‌వెల్ సమీపంలో హీలియం బెలూన్ ద్వారా సుమారు 39 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుంచి దూకారు. గంటకు 1,357 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని ధ్వని వేగాన్ని దాటారు. 1960లో అమెరికా వైమానిక దళానికి చెందిన జోసెఫ్ కిట్టింజర్ సుమారు 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి నెలకొల్పిన రికార్డు అలా చెరిగిపోయింది. 1960 నాటి ప్రయత్నానికి ఖర్చు పెట్టింది ప్రభుత్వం. 2012లో ఖర్చు పెట్టింది రెడ్ బుల్ అనే పానీయాల కంపెనీ. ఒక్క యూట్యూబ్‌లోనే 80 లక్షల మంది ఒకే సమయంలో ఈ దృశ్యాన్ని చూశారు. బెలూన్‌కు వేలాడిన గది మీదా, ఆయన దుస్తుల మీదా కంపెనీ గుర్తు ఉంది. పీడన దుస్తుల గురించీ, ఆ వేగంలో మానవ శరీరం ఎలా ఉంటుందనే దాని గురించీ విలువైన సమాచారం లభించిన మాట కూడా నిజమే.

రెండేళ్లకు, 2014 అక్టోబరు 24న, గూగుల్ ఉన్నతోద్యోగి అలన్ యూస్టస్ అదే రాస్‌వెల్ వద్ద 41 కిలోమీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకి ఆ రికార్డును దాటారు. సహాయం చేయడానికి గూగుల్ సిద్ధపడినా, తన ప్రయత్నం మార్కెటింగ్ కార్యక్రమంగా మారుతుందన్న సందేహంతో ఆయన అంగీకరించలేదు. ప్రత్యక్ష ప్రసారమూ లేదు. ఎక్కువ ఎత్తు నుంచి దూకిన యూస్టస్ పేరు మీలో ఎంతమందికి తెలుసు? జనం జ్ఞాపకంలో నిలిచేది రికార్డు కాదు, ప్రసారం అని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. స్పాన్సర్‌ను కాదనగల స్తోమత యూస్టస్‌కు ఉంది. వ్యాన్‌లో నివసిస్తూ కొండలెక్కే యువకునికి అది ఉండదు. అతనికి స్పాన్సర్ ఇచ్చే సొమ్మే జీవనాధారం.

2. స్పాన్సర్ తప్పుకున్నప్పుడు

2014లోనే క్లిఫ్ బార్ అనే అమెరికన్ ఆహార పదార్థాల కంపెనీ అయిదుగురు పర్వతారోహకులతో ఒప్పందాలను ముగించింది. తాళ్లు లేకుండా శిలలెక్కడం, శిఖరాల నుంచి పారాచ్యూట్‌తో దూకడం వంటి వాటిలోని ప్రమాదం నుంచి లబ్ధి పొందడం తమకు సమ్మతం కాదన్నది కంపెనీ వాదన. ఆ అయిదుగురిలో ఒకరైన డీన్ పాటర్ 2015 మే నెలలో యోసెమిటీలో వింగ్‌సూట్‌తో ఎగురుతూ మరణించారు. కంపెనీ భయం నిరాధారం కాదని దీనిని చూసి అనవచ్చు.

కానీ మరో కోణం ఉంది. ఆ జాబితాలోని అలెక్స్ హానల్డ్ తాళ్లు లేకుండా ఎక్కడంలో 2008 నాటికే ప్రసిద్ధుడు. అంటే 2014లో ప్రమాదం కొత్తగా పుట్టలేదు. మారింది కంపెనీ లెక్క. పేరు వచ్చినంత కాలం ఉండి, అపవాదు వస్తుందనుకున్నప్పుడు కంపెనీ తప్పుకోగలదు. ఆరోహకుడు శిల మధ్యలో తప్పుకోలేడు. ఈ అసమానతే మన విమర్శకు కేంద్రం.

2017 జూన్ 3న హానల్డ్ సుమారు 900 మీటర్ల ఎల్ కాపిటన్ శిలను తాడు లేకుండా ఎక్కారు. ఆ ప్రయత్నంపై తీసిన 'ఫ్రీ సోలో' చిత్రానికి 2019లో ఆస్కార్ లభించింది. తమ కెమెరా వల్ల అతని ఏకాగ్రత చెదిరితే ఏమిటన్న చర్చను దర్శకులు చిత్రంలోనే ఉంచారు. ఒక కెమెరామన్ చూడలేక ముఖం తిప్పుకోవడాన్నీ దాచలేదు. చూసేవారికీ చూపించేవారికీ బాధ్యత ఉందని ఈ చిత్రం ఒప్పుకుంటుంది. స్పాన్సర్ తయారు చేసే ప్రసారాల్లో మనం ముందుగా వెతకవలసింది ఇటువంటి నిజాయితీనే.

3. విమర్శకు ప్రమాణాలు

ప్రాయోజకత్వాన్ని మొత్తంగా మెచ్చుకోవడమూ, మొత్తంగా తిట్టడమూ రెండూ సులభమే. ప్రతి సందర్భంలోనూ ఈ మూడు విషయాలను విడివిడిగా పరిశీలించండి.

(అ) డబ్బు రాకముందే ఆ సాహసం ఉందా, లేక డబ్బు కోసమే అది మరింత ప్రమాదకరంగా మారిందా?
(ఆ) గాయమో మరణమో సంభవిస్తే వైద్యం, కుటుంబ పోషణ ఎవరు భరిస్తారని ఒప్పందంలో ఉంది?
(ఇ) ప్రసారంలో ప్రమాదం ఉన్నది ఉన్నట్లు కనిపిస్తోందా, లేక విజయం మాత్రమే కనిపిస్తోందా?

మూడింటికీ సరైన సమాధానం చెప్పగల కంపెనీ ప్రమాదంలోనూ కొంత వాటా తీసుకున్నట్లే. చెప్పలేని కంపెనీ మరొకరి ప్రాణాన్ని ప్రకటనకు వాడుకుంటోంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బామ్‌గార్ట్‌నర్, యూస్టస్ ప్రయత్నాలను పోల్చి, ప్రసారం పాత్రను వివరించండి.
2. క్లిఫ్ బార్ నిర్ణయం నైతికంగా సమర్థనీయమేనా? పై ప్రమాణాల ఆధారంగా మీ అభిప్రాయాన్ని పది వాక్యాలలో రాయండి.