ప్రశ్న మిర్యాలగూడలో, పట్టా కూకట్‌పల్లిలో

ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ అంటే అప్పటిదాకా ఎవరూ తేల్చని ఒక సాంకేతిక ప్రశ్నను పట్టుకుని, దానికి జవాబు రాబట్టి, ఆ జవాబు నిలుస్తుందని ఆ రంగం తెలిసినవాళ్ల ముందు రుజువు చేయడం. ప్రశ్న చిన్నదైనా ఫరవాలేదు, కొత్తదై ఉండాలి. బీటెక్, ఎంటెక్‌లలో సిలబస్ ముందే ఉంటుంది, పరీక్ష ఎప్పుడో ముందే తెలుస్తుంది. పీహెచ్‌డీలో సిలబస్‌ను చాలావరకు విద్యార్థే రాసుకోవాలి. ఈ తేడా తెలియకుండా చేరితే రెండో ఏడాదికల్లా ఉత్సాహం చల్లబడుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ చదువు ఎక్కువగా ఇంజినీరింగ్ కాలేజీల అధ్యాపకులకు సంబంధించిన విషయం. ఎంటెక్‌తో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరవచ్చు గానీ, అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉండాల్సిందే. కోదాడ దగ్గర అనంతగిరిలోని అనురాగ్ ఇంజినీరింగ్ కాలేజీలాంటివి హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలోకి వస్తాయి కనుక ఈ వైపు వాళ్ల చూపు మొదట అది ఉన్న కూకట్‌పల్లి మీదికే పోతుంది. నల్గొండలో 2007లో వచ్చిన మహాత్మాగాంధీ యూనివర్సిటీ దగ్గరే ఉన్నా, సివిల్, మెకానికల్ వంటి శాఖల్లో పరిశోధన అనగానే గుర్తొచ్చేది జేఎన్‌టీయూ, వరంగల్ ఎన్ఐటీ, కంది ఐఐటీ. జేఎన్‌టీయూ 1972 అక్టోబర్ 2న అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీలను ఒక గొడుగు కిందికి తెచ్చి ఏర్పడింది. వాటిలో హైదరాబాద్ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీ పేరుతో మొదలైందన్న సంగతి సాగర్ ఆయకట్టు వాళ్లకు తెలియాల్సిందే. 2008లో యూనివర్సిటీ విడిపోయాక కూకట్‌పల్లి క్యాంపస్ జేఎన్‌టీయూహెచ్ అయింది.

దేశంలో ఎక్కడ పీహెచ్‌డీ చేసినా పునాది నిబంధనలు యూజీసీవి. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నవంబర్ 7న నోటిఫై అయినవి. యూనివర్సిటీలు వాటి మీద సొంత రూల్స్ కలుపుకుంటాయి. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు. యూనివర్సిటీ సొంతంగా ఎంట్రన్స్ పెడితే సగం ప్రశ్నలు పరిశోధన పద్ధతుల మీద, సగం సబ్జెక్టు మీద వస్తాయి. రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ. 2024 నుంచి నెట్ స్కోర్లను పీహెచ్‌డీ ప్రవేశాలకు వాడుకోవచ్చని యూజీసీ చెప్పినా, సివిల్, మెకానికల్‌కు నెట్‌లో పేపరే లేదు. అక్కడ గేట్ స్కోరు, యూనివర్సిటీ ఎంట్రన్సే దిక్కు.

చేరే దారులు రెండు: ఫుల్‌టైమ్, పార్ట్‌టైమ్. ఫుల్‌టైమ్ స్కాలర్ క్యాంపస్‌లోనే ఉంటూ ల్యాబ్‌ను నమ్ముకుంటాడు. యూజీసీ జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. కానీ ఈ ఫెలోషిప్‌లు ఉన్న సీట్లకు సరిపడా లేవు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మోస్తున్న అధ్యాపకుడు ఉద్యోగం వదిలి వెళ్లలేడు, పార్ట్‌టైమ్‌కే వస్తాడు. దానికి పనిచేసే కాలేజీ నుంచి ఎన్ఓసీ కావాలి. అందులో మూడు మాటలు ఉండాలని నిబంధన: పార్ట్‌టైమ్ చదువుకు అనుమతిస్తున్నాం, పరిశోధనకు సరిపడా సమయం ఇస్తాం, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం విధుల నుంచి రిలీవ్ చేస్తాం. కాగితం మీది ఈ రెండో మాట ఆచరణలో ఎంత నిలబడుతుందన్న దాని మీదే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ నడుస్తుంది. జర్మనీ టెక్నికల్ యూనివర్సిటీల్లో ఈ చిక్కు వేరుగా విడిపోయింది. 1899లో అక్కడి సాంకేతిక విద్యాలయాలకు డాక్టరేట్ ఇచ్చే హక్కు దక్కింది. ఇప్పుడు ఇంజినీరింగ్ స్కాలర్లలో ఎక్కువమంది ప్రొఫెసర్ దగ్గరే జీతానికి పనిచేస్తూ, ఆ ప్రాజెక్టులోంచే థీసిస్ రాస్తారు. అక్కడ పరిశోధనే ఉద్యోగం. ఇక్కడ క్లాసులు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ల పనీ అయ్యాక మిగిలిన సాయంత్రాల్లో పరిశోధన. రెండింటికీ ఒకే కొలబద్ద పెట్టడం న్యాయం కాదు.

గైడ్ ఎంపిక తర్వాతి మెట్టు. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను చేర్చుకోకూడదు. పేరు మోసిన గైడ్ కంటే ఫోన్ ఎత్తే గైడ్ నయం. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ నుంచి 175 వరకు. బస్సులో ఎల్బీనగర్‌లో దిగి మెట్రో రెడ్ లైన్ ఎక్కితే మారే పని లేకుండా జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌కు చేరవచ్చు; 2018లో ఆ లైన్ ఎల్బీనగర్ దాకా తెరవడం ఈ రూట్ స్కాలర్లకు పెద్ద ఊరట. అయినా రాకపోకలకు ఒక పూర్తి రోజు పోతుంది. గంటసేపు కూర్చోబెట్టి డ్రాఫ్ట్ చదివే గైడ్ దొరికితేనే ఆ రోజుకు విలువ.

మొదటి దశలో కోర్స్‌వర్క్: కనీసం 12 క్రెడిట్లు. జేఎన్‌టీయూల్లో దీన్నీ దాని పరీక్షలనూ ప్రీ-పీహెచ్‌డీ అంటారు. పరిశోధన పద్ధతులు, పరిశోధనా నీతి, తన అంశానికి దగ్గరి సబ్జెక్టు చదవాలి. 55 శాతం వస్తేనే ముందుకు. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లకు ఈ పరీక్షలు పెద్ద కష్టం కావు.

అసలు కష్టం ప్రశ్న దగ్గర మొదలవుతుంది. ఈ ప్రాంతంలోనే ఉన్న ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊక. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో ఆ ఊకనే బాయిలర్‌లో కాల్చి ఆవిరి పుట్టిస్తారు. కాలిన ఊకలో మళ్లీ ఐదో వంతు దాకా బూడిద మిగులుతుంది. అందులో సిలికా ఎక్కువ, సరిగా కాలితే 85 నుంచి 95 శాతం. అటు హుజూర్‌నగర్, మేళ్లచెర్వు, మట్టపల్లి చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు. మిల్లు బూడిదను సిమెంట్‌లో కొంత భాగానికి బదులుగా కాంక్రీట్‌లో కలపవచ్చా అన్న ప్రశ్న సివిల్ ఇంజినీర్‌కు సహజంగా తడుతుంది.

కానీ ఆ ప్రశ్న అలాగే పీహెచ్‌డీకి పనికిరాదు. బర్కిలీలో పి.కె. మెహతా 1970ల్లోనే ఊక బూడిద సిమెంట్ మీద పని చేశారు, ఆ తర్వాత వందల పేపర్లు వచ్చాయి. కలపవచ్చన్నది తేలిన విషయం. సిమెంట్ నీటితో కలిసినప్పుడు పుట్టే సున్నంతో బూడిదలోని సిలికా చర్య జరిపి గట్టి జిగురు పదార్థంగా మారుతుంది. అందుకు సిలికా స్ఫటికంగా మారకుండా ఉండాలి, అంటే దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ మించకుండా కాలాలి. ఇదంతా పుస్తకాల్లో ఉంది. తేలనిది మిర్యాలగూడ బాయిలర్ల సంగతి. అక్కడ ఊకను కాల్చేది ఆవిరి కోసం, బూడిద కోసం కాదు. మంట వేడి అన్ని మిల్లుల్లో ఒకలా ఉండదు. ఒకచోట బూడిద నల్లగా వస్తుంది, అంటే కాలని కార్బన్ మిగిలింది. అది నీళ్లనూ కాంక్రీట్‌లో వేసే రసాయనాన్నీ పీల్చేసి మిశ్రమాన్ని చెడగొడుతుంది. ఇంకోచోట తెల్లగా వస్తుంది గానీ వేడి ఎక్కువై సిలికా స్ఫటికమై ఉంటుంది. ఇన్ని రకాల బూడిదల నుంచి ఒకే నాణ్యత రాబట్టాలంటే ఎంత మెత్తగా నూరాలి, ఏ బూడిదను వదిలేయాలి, ఆ సంగతి మిల్లు దగ్గరే తేల్చే తేలిక పరీక్ష ఏది? ఇంత దూరం తరిగాక అది పీహెచ్‌డీ ప్రశ్న అవుతుంది.

ఆ ప్రశ్నకు అయ్యే పని లెక్క కూడా చూడాలి. బూడిద 0, 5, 10, 15, 20 శాతాలతో ఐదు మిశ్రమాలు; 7, 28, 90 రోజుల వయసుల్లో పరీక్ష; ఒక్కో ఫలితానికి మూడు క్యూబులు. ఒక మిల్లు బూడిదకు 45 క్యూబులు. మూడు మిల్లులైతే బూడిద లేని మిశ్రమం అన్నిటికీ ఒకటే కనుక 117. 150 మిల్లీమీటర్ల క్యూబు ఒక్కోటి ఎనిమిది కిలోల పైచిలుకు బరువు. నీళ్ల తొట్టిలో నానబెట్టి, రోజు లెక్కకు తీసి, కంప్రెషన్ మెషీన్ కింద పెట్టి పగలగొట్టాలి. మూడింటిలో ఏ ఒక్కటి సగటుకు 15 శాతం అటూ ఇటూ దాటినా ఐఎస్ ప్రమాణం ప్రకారం ఆ ఫలితం లెక్కలోకి రాదు, మళ్లీ పోత పోయాల్సిందే. అంటే ఇంకో 90 రోజులు. కాంక్రీట్ మీద పనిచేసే స్కాలర్ ఏడాదికి మూడు విడతల కంటే ఎక్కువ చేయలేకపోవడానికి బద్ధకం కారణం కాదు. క్యూబులు పోసే పని, పగలగొట్టే పని కోదాడలోని సొంత కాలేజీ ల్యాబ్‌లోనే కానివ్వవచ్చు. బూడిదలో స్ఫటికం ఎంతో చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ లాంటి పరీక్షలకు నమూనాలు నగరానికి పంపాలి. ప్రశ్న ఊరి దగ్గరిదైతే పార్ట్‌టైమ్ స్కాలర్‌కు కలిసివచ్చేది ఇదే: సరుకు పక్కనే దొరుకుతుంది, మిల్లు యజమాని ముఖపరిచయం ఉంటుంది, ఆదివారం కూడా నమూనా తెచ్చుకోవచ్చు. ఎవరో వదిలిన టాపిక్‌ను ఇంటర్నెట్‌లో పట్టుకున్నవాళ్లకు ఈ వీలు ఉండదు.

ఈ పనిని మధ్యమధ్య చూడటానికి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉంటుంది. ప్రతి సెమిస్టర్‌కు స్కాలర్ దాని ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. జేఎన్‌టీయూల్లో స్కాలర్లు దీన్ని రివ్యూ మీటింగ్ అంటారు. పని సంతృప్తికరంగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, దిద్దుబాట్లు చెప్పాలి. చాలామంది దీన్ని గండంగా చూసి, బాగా వచ్చిన గ్రాఫులే స్లైడ్లలో పెడతారు. అది నష్టం. 15 శాతం బూడిద దగ్గర బలం ఎందుకు పడిపోయిందో అర్థం కాని గ్రాఫునే ముందు చూపించాలి. దాన్ని ఉచితంగా విప్పి చెప్పగల నలుగురు ఒకే గదిలో కూర్చునేది ఆ రోజే.

పేపర్ల విషయంలో నిబంధన మారింది. 2016 నిబంధనలు థీసిస్‌కు ముందు ఒక జర్నల్ పేపర్, రెండు సదస్సు ప్రజెంటేషన్లు తప్పనిసరి చేశాయి. 2022లో యూజీసీ ఆ తప్పనిసరి తీసేసింది. యూనివర్సిటీలు తమ రూల్స్‌లో అడగవచ్చు. అడిగినా అడగకపోయినా ఒక మంచి జర్నల్‌లో పేపర్ రావడం స్కాలర్‌కే మేలు, థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు ముందే ముక్కూమొహం తెలియని నిపుణులు పనిని పరీక్షించినట్టవుతుంది. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే జర్నళ్ల జోలికి మాత్రం పోకూడదు. చదవడానికి పేపర్లు దొరకడం చిన్న ఊళ్ల అధ్యాపకులకు ఎప్పటినుంచో ఉన్న ఇబ్బంది. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. తొలి దశలో ప్రైవేటు కాలేజీలకు ఈ వీలు లేదు. కనుక కోదాడ అధ్యాపకుడికి అవి తన కాలేజీ ద్వారా కాదు, స్కాలర్‌గా నమోదైన ప్రభుత్వ యూనివర్సిటీ ద్వారా అందాలి.

పని పూర్తయిందని గైడ్ ఒప్పుకున్నాక కమిటీ ముందు ప్రీ-సబ్మిషన్ ప్రజెంటేషన్, సినాప్సిస్, ఆపైన థీసిస్. థీసిస్‌ను ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే చిక్కు లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీలు లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. తర్వాత గైడ్‌తో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు థీసిస్ చదువుతారు. వీలైతే ఒకరు విదేశాల నుంచి ఉండాలి. వాళ్లు ఒప్పుకుంటేనే వైవా. వైవా బహిరంగం, ఇతర స్కాలర్లూ అధ్యాపకులూ కూర్చోవచ్చు. కొత్తగా చేరదలచినవాళ్లు రెండు మూడు వైవాలు వెళ్లి విని రావడం చాలా అవసరం. థీసిస్ ఇచ్చాక ఈ మొత్తం ప్రక్రియ ఆరు నెలల్లో ముగియాలన్నది నిబంధన.

కాలపరిమితి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్ల సడలింపు, మొత్తం పదేళ్లు దాటకుండా. మహిళా స్కాలర్లకు మొత్తం మీద 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. ఇంటి పని, కాలేజీ పని రెండూ మోస్తున్న అధ్యాపకురాలికి ఈ సెలవు ఉందని చేరిన రోజే చెప్పాలి. అడిగేదాకా ఎవరూ చెప్పకపోవడం పెద్ద లోపం.

వైవా గట్టెక్కాక ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇస్తారు. యూజీసీ నిబంధనల ప్రకారమే డిగ్రీ ఇచ్చినట్టు అందులో ఉండాలి, లేకపోతే ఉద్యోగాల దగ్గర ఇబ్బంది. థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరి, శోధ్‌గంగలో అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ఇక డాక్టరేట్ అందుకున్న రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూడు పేపర్లు చూపి తానే గైడ్‌గా గుర్తింపు కోరవచ్చు. అలాంటి గైడ్ ఒకరు కోదాడలోనో మిర్యాలగూడలోనో ఉండి, కాలేజీకి పరిశోధనకు అనుమతి కూడా ఉంటే, తర్వాత చేరే స్కాలర్ డ్రాఫ్ట్ చూపించుకోవడానికి హైదరాబాద్ బస్సు ఎక్కనక్కర్లేదు. రివ్యూ మీటింగులకు, సబ్మిషన్‌కు వెళ్తే చాలు.