పుట్టుమచ్చ కోసం ఒకటి, పులి కోసం ఒకటి

వంశీ సినిమాల్లో మీకేది ఇష్టం అంటే గోదావరి జిల్లాల్లో చాలామంది టక్కున ‘లేడీస్ టైలర్’ అంటారు. కాస్త ఆగి ‘అన్వేషణ’ కూడా అంటారు. పసలపూడి కుర్రాడు వంశీ వరసగా 1985, 86లలో తీసిన సినిమాలివి. మొదట వచ్చిన ‘అన్వేషణ’ అడవిలో హత్యల కథ. రెండోది పల్లెటూరి దర్జీ చిలిపి వేషాలు. నన్నడిగితే ఈ రెండింట్లో పక్కా డిటెక్టివ్ కథ ‘లేడీస్ టైలరే’. ‘అన్వేషణ’ మాత్రం పట్టపగలు వచ్చిన పీడకల.

‘లేడీస్ టైలర్’లో సుందరం (రాజేంద్రప్రసాద్) చేతిలో పనితనం ఉంది, ఒంట్లో బద్ధకం ఉంది. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్ల దొరికితే దశ తిరుగుతుందని జోస్యం విన్నాడు. ఇక అక్కణ్ణుంచి నడిచేదంతా దర్యాప్తే. ఒకే ఒక్క ఆనవాలు, అనుమానితుల జాబితా, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఎత్తు, చివరికి తప్పుదారి. డిటెక్టివ్ చేతిలో భూతద్దం ఉంటే ఇతని చేతిలో టేపు ఉంది. దర్జీ గనక ఎవరి గుమ్మంలోకైనా వెళ్లొచ్చు, కొలతల వంకతో దగ్గరగా నిలబడొచ్చు. కానీ జాకెట్టుకి భుజం కొలుస్తారు, చెయ్యి కొలుస్తారు, నడుం కొలుస్తారు. తొడ దాకా టేపు వెళ్లదు. ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ తెలిసినవాడికి కావలసిన ఒక్క గుర్తూ అందకపోవడమే ఈ కథకి ఇరుసు.

తనికెళ్ల భరణి రాసిన మాటలు పనిగట్టుకుని పేల్చిన జోకుల్లా ఉండవు. అరుగు మీద కబుర్లు చాటుగా విన్నట్టుంటాయి. నటుడు మల్లికార్జునరావు పేరు మర్చిపోయినవాళ్లకి కూడా ఆయన వేసిన బట్టల సత్తి గుర్తుంటాడు. ఇక ‘జ’ భాష అనే రహస్య భాష సంగతి. గుట్టు దాచడానికి పుట్టిన భాషని ఊరంతా వినేలా మాట్లాడించారు!

అయితే ఈ సినిమాని కళ్లు మూసుకుని మెచ్చుకోలేను. ఆడవాళ్లని అనుమానితుల వరసలో నిలబెట్టి నవ్వించడం ఇవాళ చూస్తే చాలాచోట్ల ఇబ్బందిగా ఉంటుంది. సినిమాని కాపాడింది కథానాయిక అర్చన. ఆమె తెర మీదకొచ్చిన ప్రతిసారీ సుందరం వెకిలితనం మీద కథే సిగ్గుపడినట్టుంటుంది. ఆ తర్వాత ‘వీడు’, ‘దాసి’ సినిమాలకి వరసగా రెండేళ్లు జాతీయ ఉత్తమ నటి అయ్యింది ఈవిడే.

‘అన్వేషణ’ మొదట్లోనే ఒకమ్మాయి అడవిలో ప్రాణాలరచేత పెట్టుకుని పరిగెడుతుంది. తరుముతున్నదేమిటో మనకి కనిపించదు. పులి అనుకుంటారు అందరూ. తర్వాత ఆ అడవికే హేమ వస్తుంది, పక్షుల కూతల్లోంచి సంగీతం పట్టుకోవడానికి. (ఆ వేషం వేసింది భానుప్రియ.) ఈ సినిమా పనితనమంతా ఇక్కడే ఉంది. కథానాయిక పనే వినడం గనక, మనమూ తెలియకుండానే చెవులు రిక్కిస్తాం. ఒకసారి వినడం మొదలెట్టాక పిట్ట కూసినా అనుమానమే, ఆకు కదిలినా అనుమానమే. భయపెట్టడానికి ఇళయరాజా పెద్ద చప్పుడు చెయ్యక్కర్లేదు, కాసేపు వాయిద్యాలు ఆపితే చాలు. పాటలు కూడా కథకి అడ్డం పడవు. ‘కీరవాణి’ వచ్చేసరికి ఆ అడవిలో పాట పుట్టడం సహజమే అనిపిస్తుంది. వేటూరి రాశారు, బాలు, జానకి పాడారు.

కెమెరా ఎం.వి. రఘు. తలకోన అడవిలో చెట్ల వెనకనుంచి వెలుగు కొట్టించి, మధ్యలో పొగమంచు నింపి, మనిషి ముఖం కంటే ముందు ఆకారాన్ని చూపిస్తాడు. వచ్చేది మనిషో మృగమో తేలేలోగా ఒక క్షణం గడుస్తుంది. భయమంతా ఆ క్షణంలోనే.

‘అన్వేషణ’ వచ్చిన మరుసటేడే అమెరికాలో డేవిడ్ లించ్ మరో పీడకలలాంటి ‘బ్లూ వెల్వెట్’ తీశాడు. తర్వాత్తర్వాత అతను ‘మల్‌హాలండ్ డ్రైవ్’లో పీడకలని పీడకలగానే వదిలేశాడు, ముడి విప్పలేదు. వంశీ చివర్లో అన్ని ముడులూ విప్పి, పోలీసు నివేదికలా లెక్క అప్పజెప్పేస్తాడు. అదే నాకు వెలితి. హంతకుడెవరో తేలాక అడవి ఒక్కసారిగా చిన్నదైపోతుంది.

రెండు సినిమాలనీ కత్తిరించిన చెయ్యి ఒకటే, అనిల్ మల్నాడ్. ‘సితార’ సినిమా ఎడిటింగ్‌కి జాతీయ అవార్డు అందుకున్నవాడు. అడవిలో చూపు అందేలోపే కోస్తాడు, ఊళ్లో నవ్వు చల్లారేలోపే కోస్తాడు. ఇప్పటి పిల్లలు ఈ రెండూ చూడాలనుకుంటే ‘లేడీస్ టైలర్’ ఇంటిల్లిపాదీ కబుర్లాడుకుంటూ చూసినా ఫరవాలేదు. ‘అన్వేషణ’కి మాత్రం చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఫోను స్పీకర్లో ఆ సినిమా సగమే వినపడుతుంది.