పీయూష గ్రంథి రాజా?
పాఠములలోని ఒక ఉపమానముపై విమర్శ

శాస్త్రవిషయములను బోధించువారికి ఉపమానము లేనిదే గడవదు. గుండెను పంపుతోను, కంటిని కెమెరాతోను, మూత్రపిండమును జల్లెడతోను పోల్చి చెప్పుట మన పాఠశాలలలో పరిపాటి. మంచి ఉపమానము ఒక పుట చేయవలసిన పనిని ఒక్క మాటతో చేయును. సరిపడని ఉపమానము విద్యార్థి బడి విడిచిన పిమ్మట కూడ అతని ఆలోచనను పట్టుకొని ఉండును. కనుక కావ్యములోని అలంకారమును విమర్శించునట్లే పాఠములోని ఉపమానమును కూడ అప్పుడప్పుడు పరీక్షించి చూచుట అవసరము.

హార్మోనుల పాఠములో అట్టి మాట ఒకటి కలదు. మెదడు అడుగున బఠాణీగింజంత పరిమాణములో, సుమారు అర గ్రాము బరువుతో ఉండు పీయూష గ్రంథిని ‘ప్రధాన గ్రంథి’ అనియు ‘మాస్టర్ గ్రంథి’ అనియు వ్రాయుదురు. నాళములు లేక తమ స్రావములను నేరుగా రక్తములోనికి విడుచు వినాళ గ్రంథులన్నిటికి అది రాజు వంటిదనియు, తక్కినవి దాని ఆజ్ఞకు లోబడి నడచుననియు తరగతిలో వివరింతురు. ‘పీయూష గ్రంథిని ప్రధాన గ్రంథి అని ఏల అందురు?’ అను ప్రశ్న విద్యార్థులకు సుపరిచితమే. ఈ పోలికలో నిజమెంత, అది మరుగుపరచునది ఏమి, దానివలన కలుగు నష్టమేమి అని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పేరు వచ్చిన విధము

ఈ పేరు ఊరక పుట్టలేదు. 1920 దశకములో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫిలిప్ స్మిత్ ఎలుకల మెదడునకు దెబ్బ తగులకుండ పీయూష గ్రంథిని మాత్రము తొలగించు శస్త్రవిధానమును రూపొందించెను. అట్లు చేసిన ఎలుకలలో ఎదుగుదల ఆగిపోయెను. కంఠములోని థైరాయిడ్ గ్రంథి, మూత్రపిండములపైనుండు అధివృక్క గ్రంథుల వల్కలము, బీజగ్రంథులు కృశించెను. పీయూష గ్రంథి కణజాలమును తిరిగి అందించినప్పుడు అవి కోలుకొనెను. ఒక్క చిన్న గ్రంథి పోయినంతనే ఇన్ని గ్రంథులు చిక్కిపోవుట చూచినవారికి అది వాటి అధిపతి అని తోచుటలో వింత లేదు. 1930 దశకములో ఇంగ్లండు వైద్యుడు లాంగ్డన్-బ్రౌన్ దానిని వాద్యబృందమునకు నాయకునితో పోల్చెను.

ఈ మాత్రము నిజమును ఒప్పుకొనవలసినదే. పీయూష గ్రంథి స్రవించు హార్మోనులలో ఒకటి థైరాయిడ్‌ను, ఒకటి అధివృక్క వల్కలమును, రెండు బీజగ్రంథులను ప్రేరేపించును. కాని ప్రేరేపించుట వేరు, పరిపాలించుట వేరు. ఈ రెంటికి గల భేదమును ఉపమానము చెరిపివేసినది.

ఆజ్ఞకు వెలుపల నున్నవి

హార్మోనుల చరిత్రయే రాజు లేని చోట ఆరంభమైనది. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ అను ఇద్దరు శరీరధర్మశాస్త్రజ్ఞులు కుక్కపై ప్రయోగము చేయుచు, నరములను తెంచిన చిన్నప్రేగు భాగములో ఆమ్లమును పోసిరి. నరముల సంబంధము లేకున్నను క్లోమము తన రసమును స్రవించెను. ప్రేగు లోపలి పొరనుండి ఏదో రసాయనము రక్తములో ప్రయాణించి క్లోమమును చేరినదని వారు గ్రహించి, దానికి సెక్రిటిన్ అని పేరు పెట్టిరి. ‘హార్మోను’ అను మాటను స్టార్లింగ్ 1905లో వాడెను. ఈ మొదటి హార్మోను కథలో పీయూష గ్రంథి ప్రసక్తియే లేదు.

ఇన్సులిన్ సంగతియు ఇట్టిదే. భోజనము చేసిన పిమ్మట రక్తములో గ్లూకోజు పెరుగును. క్లోమములోని బీటా కణములు ఆ పెరుగుదలను స్వయముగా గుర్తించి ఇన్సులిన్‌ను విడుచును. గ్లూకోజు తగ్గినంతనే ఇన్సులిన్ స్రావమును తగ్గును. ఆరోగ్యవంతునిలో పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తమునకు సుమారు 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు నిలుచుటకు ముఖ్యకారణము ఈ ఏర్పాటే. ఇందుకు పైనుండి ఉత్తరువు రానక్కరలేదు. థైరాయిడ్ వెనుక నుండు నాలుగు చిన్న పార్శ్వావటు గ్రంథులు రక్తములోని కాల్షియమును తామే కనిపెట్టి చూచుచు, అది తగ్గినపుడు తమ హార్మోనును హెచ్చించును.

హార్మోనులను స్రవించు అవయవముల పట్టికయు నేడు చాల పెరిగినది. గుండె కర్ణికలు మూత్రములో లవణమును హెచ్చించు హార్మోనును విడుచునని 1981లో తెలిసినది. కొవ్వు కణములు లెప్టిన్ అను హార్మోనును విడుచునని 1994లో తెలిసినది. గోడపటములో చూపు ఏడెనిమిది గ్రంథులతో ఈ రాజ్యము ముగియదు.

రాజు ఎవరి మాట వినును?

రాజు ఆజ్ఞ ఇచ్చును, సేవకుడు పాటించును. ఈ చిత్రములో మాట ఒకే దిక్కునకు పోవును. శరీరములో జరుగునది ఇట్లు కాదు. షికాగో విశ్వవిద్యాలయములో కార్ల్ మూర్, డొరొతీ ప్రైస్ అనువారు ఎలుకలకు వృషణముల హార్మోనును ఎక్కించి చూడగా, ఆ ఎలుకల సొంత వృషణములు బలపడుటకు మారుగా క్షీణించెను. ఎక్కించిన హార్మోను పీయూష గ్రంథిని అణచుటవలన వృషణములకు రావలసిన ప్రేరణ తగ్గినదని 1932లో వారు వివరించిరి. అనగా క్రింది గ్రంథి పై గ్రంథికి మాట చెప్పుచున్నది. ఫలితము తిరిగి వచ్చి కారణమును అదుపు చేయు ఈ ఏర్పాటునే పునశ్చరణ అందురు. ‘నాయకుడు’, ‘అధిపతి’ అను మాటలు వ్యాపించుచున్న దినములలోనే వాటిని సరిదిద్దు జ్ఞానము కూడ లభించినదన్న మాట. పాఠములు మొదటిదానిని పట్టుకొని రెండవదానిని వెనుకకు నెట్టినవి.

మరియొక ప్రయోగము కలదు. 1952లో హారిస్, జాకబ్సన్ అను శాస్త్రజ్ఞులు ఆడ ఎలుకల పీయూష గ్రంథిని తొలగించి, వేరొక పీయూష గ్రంథిని మెదడు క్రింద నాటిరి. హైపోథాలమస్ అను భాగమునకు సరిగా దిగువన నాటినది మరల పనిచేసెను. మెదడు క్రిందనే కొంచెము ప్రక్కగా నాటినది అట్లు పనిచేయలేదు. హైపోథాలమస్ నుండి చిన్న రక్తనాళముల ద్వారా వచ్చు రసాయనములే దానిని నడుపుచున్నవను అభిప్రాయమునకు ఇది గట్టి బలము. అట్టి రసాయనములలో ఒకదాని నిర్మాణమును 1969లో గిలెమిన్, షాలీ అనువారి బృందములు వేరువేరుగా కనుగొనెను. అది మూడే అమైనో ఆమ్లముల గొలుసు. ఈ పరిశోధనలకు వారిరువురు 1977లో నోబెల్ బహుమతిలో భాగము పొందిరి. పీయూష గ్రంథి వెనుక భాగము విడుచు రెండు హార్మోనులైతే హైపోథాలమస్‌లోని నాడీకణములలోనే తయారై, నాడీతంతువుల వెంట దిగివచ్చి అక్కడ నిలువయుండునవి.

అట్లయిన హైపోథాలమస్‌ను చక్రవర్తి అనవచ్చునా? కొందరు అట్లే సరిపెట్టుదురు. సింహాసనముపై మనిషిని మార్చినంత మాత్రమున ఉపమానములోని దోషము పోదు. హైపోథాలమస్ కూడ రక్తములోని హార్మోనుల పరిమాణమును బట్టి, నిద్రనుబట్టి, ఆకలినిబట్టి, భయమునుబట్టి తన స్రావములను మార్చుకొనును. అందరు చెప్పుచు, అందరు వినుచు ఉండు ఈ చక్రములో మొదటివాడెవడని అడుగుట వ్యర్థము.

గాయిటర్ చెప్పు సాక్ష్యము

పునశ్చరణను కంటికి కనిపించునట్లు చూపునది అయొడిన్ లోపమువలన కంఠములో వచ్చు వాపు, అనగా గాయిటర్. థైరాయిడ్ తన హార్మోనును చేయుటకు అయొడిన్ కావలెను. పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు చాలును. అదియు దొరకని ప్రాంతములలో హార్మోను తగ్గును. దానిని గమనించిన పీయూష గ్రంథి థైరాయిడ్‌ను ప్రేరేపించు హార్మోనును హెచ్చించును. ముడిసరకు లేదు గనుక థైరాయిడ్ కోరినంత హార్మోనును చేయలేదు. కాని ప్రేరణ ఆగదు. దానివలన గ్రంథి కణములు వృద్ధిచెంది కంఠము ఉబ్బును. రాజు కథతో దీనిని చెప్పబోయినచో, రాజు ఎంత గద్దించినను పని జరుగలేదని మాత్రమే చెప్పగలము. రాజు ఏల గద్దించుచున్నాడు, ఎప్పుడు మానును అను ప్రశ్నలకు ఆ కథలో సమాధానము లేదు.

ఈ విషయములో భారతదేశమున జరిగిన గొప్ప పరిశోధనకు నాయకుడు శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణములోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో ఆయనయు సహచరులును హిమాలయ పాదములందలి కాంగ్రా లోయలో పని ఆరంభించిరి. సుమారు లక్ష మంది నివసించు ప్రాంతమును మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయొడిన్ చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. కొన్ని సంవత్సరములలో మొదటి రెండు మండలములలో గాయిటర్ ఎంతో తగ్గెను. మూడవదానిలో తగ్గలేదు. పిమ్మట దానికిని అయొడిన్ ఉప్పు ఇవ్వగా అక్కడను తగ్గెను. భారత ప్రభుత్వము 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. ఇక్కడ పీయూష గ్రంథికి ఎవరును మందు వేయలేదు. చిటికెడు ఉప్పులోని అయొడిన్‌తో థైరాయిడ్ తన హార్మోనును చేసికొనెను. ఆ హార్మోనే పోయి ‘రాజును’ శాంతింపజేసెను.

దూత అను మాట

హార్మోనులను ‘రసాయన దూతలు’ అనుటయు వాడుక. ఇది రాజు పోలికకన్న మేలు. కాని దూత ఒక్కని ఇంటికి పోయి ఒక్కనికే ఉత్తరము ఇచ్చును. హార్మోను రక్తముతో దేహమంతట తిరుగును. అది ఊరిలో వేయు దండోరా వంటిది. అందరి చెవిన పడును, సంబంధించినవారు మాత్రమే కదలుదురు. ఏ కణమునకు దానిని గుర్తించు గ్రాహకములున్నవో ఆ కణమే స్పందించును. ఆ స్పందన కూడ అన్ని చోట్ల ఒకటి కాదు. ఒకే అడ్రినలిన్ చర్మములోని రక్తనాళములను ముడుచుకొనజేసి, ఊపిరితిత్తుల గాలిగొట్టములను వెడల్పు చేయును. దండోరా వేసినను వినువారి చెవులు మందగించవచ్చును. రెండవ రకపు మధుమేహములో తరచు జరుగునది ఇదే. మొదట్లో ఇన్సులిన్ తగినంత, ఒక్కొక్కప్పుడు హెచ్చుగా కూడ ఉండును. కణములు దానికి సరిగా స్పందింపవు.

నష్టమెక్కడ?

ఉపమానము కొంచెము తప్పిన నేమి, పిల్లలకు సులభముగా ఉన్నది గదా అని అనవచ్చును. హార్మోనుల పరీక్షలు నేడు పల్లెటూరి కుటుంబములకు కూడ తెలిసినవి. థైరాయిడ్ పరీక్షలో తరచు చూచునది టీఎస్‌హెచ్. అది థైరాయిడ్ హార్మోను కాదు, దానిని ప్రేరేపించు పీయూష గ్రంథి హార్మోను. పెద్దవారిలో లీటరుకు సుమారు 0.4 నుండి 4 మిల్లీ యూనిట్లు ఉండుట సాధారణము. అంకె 20 అని వచ్చినపుడు ‘థైరాయిడ్ ఎక్కువైనది’ అని చెప్పుకొనుట మనము వినుచునే ఉన్నాము. నిజమునకు అది సాధారణముగా థైరాయిడ్ మందగించినదనుటకు గుర్తు. పునశ్చరణ తెలిసిన పదవ తరగతి విద్యార్థి దీనిని ఇంటిలో రెండు మాటలలో వివరింపగలడు. రాజు కథ మాత్రమే తెలిసినవాడు, ఆజ్ఞ పెరిగినది గనుక పని పెరిగియుండుననియే తలంచును.

ఇంతకన్న అపాయకరమైన సందర్భము ఇంకొకటి కలదు. ఉబ్బసమునకో, కీళ్లవాతమునకో ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలను దీర్ఘకాలము వాడినవారిలో, ఆ మందును చూచి హైపోథాలమస్, పీయూష గ్రంథి తమ ప్రేరణను తగ్గించుకొనును. ప్రేరణ లేక అధివృక్క వల్కలము చిక్కిపోవును. అట్టి స్థితిలో ఒంట్లో బాగున్నదని మాత్రలను ఒక్కసారిగా మానినచో, శరీరము తనకు కావలసిన కార్టిసాల్‌ను వెంటనే తయారుచేసికొనలేదు. రక్తపు పోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. అందుచేతనే వైద్యులు మోతాదును క్రమముగా తగ్గింతురు. ‘డాక్టరు చెప్పనిదే మానవద్దు’ అను హెచ్చరికకు కారణము తెలిసినవాడు దానిని పాటించును. కారణము తెలియనివాడు అది మందులు అమ్ముటకు చెప్పు మాట అనుకొనును.

ఏ పోలిక మేలు?

రాజును తొలగించినచో ఆ చోట నుంచవలసినది ఏమి? మేడమీది నీళ్లతొట్టిలో తేలు బంతిని చూపవచ్చును. నీరు తగ్గినచో బంతి దిగి కుళాయి తెరచుకొనును. నీరు నిండినచో బంతి లేచి కుళాయి మూసికొనును. కుళాయి నీటిని శాసించుచున్నదా, నీరు కుళాయిని శాసించుచున్నదా అని విద్యార్థులనే అడుగవచ్చును.

ఈ పోలికకును హద్దు కలదు. తొట్టిలో నీటిమట్టము స్థిరము. శరీరములో కార్టిసాల్ తెల్లవారుజామున హెచ్చి రాత్రికి తగ్గును. గర్భిణిలో అనేక హార్మోనుల మట్టములే మారును. కాన్పు సమయమున ఆక్సిటోసిన్ గర్భాశయమును సంకోచింపజేయగా, ఆ సంకోచమే మరింత ఆక్సిటోసిన్‌ను రప్పించును. ఇక్కడ ఫలితము కారణమును తగ్గించుటకు మారుగా పెంచును. బిడ్డ పుట్టిన పిమ్మటనే ఈ చక్రము ఆగును. ఉపమానముతో పాటు దాని హద్దును కూడ చెప్పిన ఉపాధ్యాయుని మాట విద్యార్థిని పెడదారి పట్టింపదు.

ప్రశ్నపత్రములలో కూడ మార్పు రావలెను. ‘ప్రధాన గ్రంథి అని ఏల అందురు?’ అని అడిగినపుడు విద్యార్థి బిరుదును సమర్థించుట మాత్రమే నేర్చును. అయొడిన్ లేనివాని రక్తములో టీఎస్‌హెచ్ ఎట్లుండును? థైరాక్సిన్ మాత్రలు అవసరమునకు మించి మింగినవానిలో అది ఏమగును? భోజనానంతరము ఇన్సులిన్ పెరుగుటకు పీయూష గ్రంథి ఆజ్ఞ ఏల అక్కరలేదు? ఈ ప్రశ్నలకు కంఠస్థము చేసిన జవాబు చాలదు. చక్రమును కాగితముపై గీచి, బాణపు గుర్తులు రెండు వైపుల ఉంచి ఆలోచింపవలెను. పీయూష గ్రంథి బిరుదు పాత పుస్తకములలో ఉండనిండు. తరగతి గదిలో నల్లబల్లపై మాత్రము పైనుండి క్రిందికి గీచిన ప్రతి బాణమునకు క్రిందినుండి పైకి పోవు బాణమును కూడ గీయుట మరువరాదు.